గట్టు తీసేస్తే భారమంతా వాటం మీదే

*నేరుగా నడిచిపోయే స్నానాల గది ఇప్పుడు పల్లె ఇళ్లకూ వచ్చింది. దాని కింద ఏం పరచాలన్న ప్రశ్నకు కొలిమిగుండ్ల నేలలోనే ఒక జవాబుంది. దాన్ని ఏ ముఖం పైకి పెట్టి, ఎటు వంచి పరుస్తామన్నదే అసలు సంగతి.*

కొలిమిగుండ్ల చుట్టుపక్కల బండ లేని చోటు వెతకాలంటే కష్టం. చేనుకు కంచెగా నిలబెట్టింది బండే. ఎద్దుల ముందు గాడి, వాటి నీళ్ల తొట్టి బండలే. వంటింటి అల్మరాలో తట్లు, అరుగు మీద పరుపు, కొన్ని పాత ఇళ్లకు పైకప్పు కూడా నాపబండలే. ఊరు దాటగానే పాలిష్ ఫ్యాక్టరీల ముందు నిలువుగా ఆనించిన పలకలు, రంపాల కింద నుంచి పారే బూడిదరంగు బురద, పక్కన కొండలా పడేసిన కోత ముక్కలు. ఇక్కడ లారీ ఎక్కిన రాయి రాష్ట్రాలు దాటిపోతుంది. అలాంటి చోట కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు బాత్రూం దగ్గరికొచ్చేసరికి మాత్రం తాడిపత్రికో నంద్యాలకో వెళ్లి టైల్స్ పెట్టెలు తెచ్చుకుంటున్నారు.

ఆ టైల్స్‌తోపాటు ఇప్పుడు ఫోన్‌లో ఒక బొమ్మ కూడా వస్తోంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే కొడుకు పంపినది. ఒక అద్దం పలక, పైన షవరు, కింద నేలంతా ఒకటే మట్టం. గట్టు లేదు, మెట్టు లేదు. నడిచి వెళ్లి నిలబడడమే. ‘మనకూ ఇట్లాంటిదే చెయ్యి అన్నా’ అని మేస్త్రీకి ఆ బొమ్మ చూపిస్తారు. మేస్త్రీ ఫోన్‌ను అటూఇటూ తిప్పి చూసి, ‘దానికేముందప్పా, చేద్దాం’ అంటాడు. పేచీ అక్కడే మొదలవుతుంది. అద్దం, షవరు, కుళాయి కొట్లో దొరుకుతాయి. గట్టు లేకపోవడం అనేది కొట్లో దొరకదు. దాన్ని నేలకింద కట్టాలి, అదీ స్లాబు పోయకముందే నిర్ణయించుకుని.

మన బాత్రూంలలో గట్లు రెండు. తలుపు దగ్గర అడ్డంగా పెట్టే బండపట్టె ఒకటి, లోపల స్నానం చేసేచోటును మిగతా గది నుంచి విడదీసే చిన్న కట్ట ఇంకొకటి. రెండూ చేసేది ఒకటే పని, నీళ్లు ఇవతలికి రాకుండా ఆపడం. నేల వాటం అటూఇటూ ఉన్నా గట్టు కప్పిపుచ్చుతుంది. నీళ్లు ఒక మూల నిలిచినా పడకగదిలోకి మాత్రం రావు. గట్టు తీసేశామంటే ఆ కప్పిపుచ్చేవాడు పోయాడన్నమాట. ఇక నీళ్లను కన్నం దాకా నడిపించే బాధ్యత మొత్తం నేలదే.

మరి అంత అవస్థ ఎందుకంటే, రెండంగుళాల పట్టెను దాటలేని కాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి కాబట్టి. మోకాళ్ల ఆపరేషన్ అయిన అమ్మమ్మ, పక్షవాతం వచ్చిన పెద్దాయన, నెలలు నిండిన కోడలు. తడికాలితో గట్టు దాటడం అంటే ఒక్క క్షణం ఒంటికాలి మీద నిలబడడం, అదీ పట్టుకోవడానికి ఏమీ లేనిచోట. పల్లెల్లో ఇంకో తిరకాసు కూడా ఉంది. స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయల ప్రోత్సాహంతో కట్టిన మరుగుదొడ్లలో చాలావాటికి ముందు రెండు మూడు మెట్లుంటాయి. గుంతలోకి నీళ్లు వాలుగా పోవాలంటే దొడ్డి ఎత్తులో ఉండాలి. గుంత లోతుగా తవ్వాలంటే కింద రాయి తగులుతుంది. తేలిక దారి దొడ్డిని పైకి లేపడమే. ఇంట్లో అందరికంటే ఎక్కువ అవసరమున్న మనిషికే అది అందని ఎత్తయింది.

చట్టం చూస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రజలు వాడే భవనాలను అందరికీ అందుబాటులో ఉంచమంటుంది. సొంత ఇంటి బాత్రూం జోలికి అది రాదు. అక్కడ చట్టం మనమే, మేస్త్రీనే.

నేల లోపలి సంగతి

ఈ ప్రాంతపు రాళ్లకు భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేర్లు చదువుతుంటే బస్సు కండక్టరు స్టేజీలు చెబుతున్నట్టే ఉంటుంది. అడుగున బనగానపల్లె, దానిమీద నార్జి, ఆపైన అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, అన్నిటికీ పైన నంద్యాల. కర్నూలు శ్రేణి అనే ఈ రాతి వరసల మీద విలియం కింగ్ పుస్తకం 1872లోనే వచ్చింది. బనగానపల్లె పొర వజ్రాలతో పేరు తెచ్చుకుంది. దానిమీది నార్జి పొర సున్నపురాయి. నార్జి కడప జిల్లాలోని ఊరు. మన నాపరాయి ఆ పొరదే. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున సన్నటి ఒండ్రుగా పరత మీద పరత పేరుకుంది కాబట్టే ఇవాళ గనిలో ఉలి పెట్టి గడ్డపారతో ఎత్తితే పలకగా లేస్తుంది. గ్రానైటును రంపంతో కోస్తే తప్ప పలక రాదు. నాపరాయికి పలక పుట్టుకతోనే వచ్చింది.

నీళ్లతో ఈ రాయికున్న చుట్టరికం చూడాలంటే దూరం పోనక్కర్లేదు. బెలుం గుహలు కొలిమిగుండ్ల మండలంలోనే ఉన్నాయి. గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు పలచటి ఆమ్లంగా మారి, రాతి పగుళ్లలోకి దిగి, దాన్ని కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ పోయిన దారే 3,229 మీటర్ల ఆ గుహ. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దాన్ని రికార్డుకెక్కించాడు. 1982, 83ల్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలంతా కొలిచింది. 2002 నుంచి టికెట్టు కొని మనమూ దిగుతున్నాం. ఆ రాయీ, మనం బాత్రూంలో పరిచే రాయీ ఒకే జాతి. మామూలు నీళ్లకు మన జీవితకాలంలో దానికేమీ కాదు. ఆమ్లం తగిలితే మాత్రం గుహకు యుగాలు పట్టిన పని నిమిషాల్లో మొదలవుతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, యాసిడ్ సీసా దగ్గర మళ్లీ పనికొస్తుంది.

పాత మిద్దె ఇళ్లలో స్నానానికి వేరే సరంజామా ఉండేది కాదు. ఒక మూల పెద్ద బండ పరిచి, దాన్ని గోడవైపు కాస్త వంచి, గోడ అడుగున తూము పెట్టేవాళ్లు. నీళ్లు బయట అరటిచెట్టు పాదులోకో జాలాడి గుంతలోకో పోయేవి. ఫోన్‌లో కొడుకు పంపిన బొమ్మలోని ‘కొత్త’ ఏర్పాటుకు మూలసూత్రం అదే. ఒకే బండ, ఒకే వైపు వాలు, వాలు చివర కన్నం. మధ్యలో మనమే దాన్ని వదిలేసి గది నడుమ నీళ్లు దిగే నానీ ట్రాపు పెట్టుకున్నాం.

ఒకవైపు వాటం, నాలుగువైపుల వాటం

రాయి ఏదన్నదానికంటే కన్నం ఎక్కడన్నది ముందు తేల్చుకోవాలి. ఎందుకంటే కన్నం చోటును బట్టే పలక సైజు.

ట్రాపు నేల మధ్యలో ఉంటే నాలుగువైపుల నుంచీ నేల దానివైపు వంగాలి. అంటే నేల నాలుగు త్రికోణాలుగా విరగాలి. అక్కడ రెండడుగుల బండ వేస్తే అది ఒకవైపే వంగుతుంది, రెండోవైపు అంచు లేచి నిలబడుతుంది. లేచిన ఆ అంచే బొటనవేలికి తగిలేది. కాబట్టి మధ్యలో ట్రాపు కావాలంటే మూలల నుంచి ఐమూలగా కోసి వేయాలి, లేదంటే నాలుగంగుళాల ముక్కలు పరచాలి. ఆ రెండోదానికి కొలిమిగుండ్లలో ఖర్చు తక్కువ. ఫ్యాక్టరీల పక్కన పడున్న కోత ముక్కల్లోంచి ఏరుకుని, అంచులు సరిచేయించుకుంటే చాలు. పైగా చిన్న ముక్కల మధ్య సందులు ఎక్కువ, సందు ఉన్నచోటల్లా పాదానికి పట్టు దొరుకుతుంది.

కన్నం గోడ వారన పొడుగాటి కాలువలా ఉంటే లెక్క సులువు. నేలంతా ఒకే పలకలా ఒకవైపే వాలుతుంది. అప్పుడు పెద్ద బండలు వేసుకోవచ్చు. గట్టు లేని గదికి నేనైతే ఇదే మేలంటాను, ఆ కాలువ తలుపుకు ఎదురుగోడ కింద ఉండేలా. తలుపు దగ్గర పెడితే చూడటానికి బాగానే ఉంటుంది గానీ, వెంట్రుకలు అడ్డుపడిన రోజు నీళ్లు ముందు పడకగదినే పలకరిస్తాయి.

ఇక వాటం ఎంత? అడుగుకు పావు అంగుళం. అమెరికాలో ప్లంబింగ్ నిబంధనలు ఇంతకు తగ్గొద్దంటాయి, వికలాంగుల ప్రమాణాలు 48కి 1 కంటే మించొద్దంటాయి. లెక్కేస్తే రెండూ ఒకటే అంకె. దీనికంటే తక్కువైతే నీళ్లు నిలుస్తాయి, ఎక్కువైతే చక్రాల కుర్చీ దానంతటదే జారుతుంది, చేతికర్ర పట్టుకున్న మనిషి ఒకవైపు ఒరుగుతాడు. మన మేస్త్రీల చెయ్యి సాధారణంగా ఎక్కువవైపే పోతుంది. నీళ్లు ‘జర్రున’ పోతే ఇంటివాళ్లు మెచ్చుకుంటారు కాబట్టి.

ఐదడుగుల స్నానపు చోటు అనుకుందాం. తలుపువైపు అంచు నుంచి కాలువ దాకా అంగుళంపావు దిగాలి. కాలువ దగ్గర మాలు కనీసం అంగుళం, అంటే అవతలి అంచున రెండుంపావు. దానిమీద బండ మందం ఒక అంగుళం. మొత్తం మూడుంపావు అంగుళాలు, కాలువ తొట్టి లోతూ కింద పైపు వంపూ లెక్కలోకి రాకముందే. పడకగది నేలతో బాత్రూం నేల కలవాలంటే ఈ లోతంతా ముందే కిందికి దిగి ఉండాలి. అందుకే స్లాబును బాత్రూం మేర ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాలు దించి పోసే పద్ధతి వచ్చింది. కట్టేసిన ఇంటి పై అంతస్తులో ఆ అవకాశం లేదు. స్లాబును ఉలితో చెక్కి లోతు చేద్దామనేవాడు కనిపిస్తే పనిలోంచి పంపించేయండి. కింద కడ్డీలున్నాయి. అలాంటిచోట పైపును స్లాబు కిందికి దించి వేలాడదీయడమో, తలుపు దగ్గర సన్నటి వాలు కట్టుకోవడమో చెయ్యాలి. అర అంగుళం దాకా ఎత్తు తేడాను, అంచు చెక్కేసి ఉంటే, అమెరికా ప్రమాణాలు కూడా ఒప్పుకుంటాయి.

కింది అంతస్తుకు, పల్లె ఇంటికి ఈ బెడద తక్కువ. నేల తవ్వుకోవచ్చు. తవ్వేముందు మాత్రం వీధి మురుగు కాలువ దగ్గరికి పోయి, నీళ్లు నింపిన మట్టపు గొట్టం పట్టి చూడాలి. బాత్రూం కన్నం ఆ కాలువ కంటే పైనే ఉండాలి. లేకపోతే తొలి ముసురుకే వీధి నీళ్లు ఇంటికొస్తాయి.

ఫోన్‌లో వచ్చే ఆ బొమ్మల వాళ్లు లెక్కలోకి తీసుకోని వస్తువు ఇంకోటుంది, బకెట్టు. షవరు నుంచి నిమిషానికి పది లీటర్లు అటూఇటూగా పడతాయి. సన్నటి కాలువ దానికి సరిపోతుంది. మనవాళ్లు స్నానం చివర మిగిలిన అర బకెట్టునూ ఒక్కసారి కుమ్మరిస్తారు. పది లీటర్లు రెండు సెకన్లలో. ఏ కాలువా దాన్ని అప్పటికప్పుడు మింగలేదు. నీళ్లు ముందు అలలా లేచి వెనక్కొచ్చి, ఆపైన పోతాయి. అందుకే మన ఇళ్లలో తడిచోటు విదేశీ కొలతలకంటే వెడల్పుగా ఉండాలి, బయటికి పోయే పైపు మూడంగుళాలకు తగ్గకూడదు.

అద్దంలా మెరిసే రాయి వద్దు

ఇప్పుడు బండ. ఫ్యాక్టరీకి వెళితే ముందుగా చూపించేది పాలిష్ పట్టిన ముఖాన్నే. అద్దంలా మెరుస్తుంది, మన మొహం కనిపిస్తుంది. హాల్లో వేసుకోండి. బాత్రూంలో మాత్రం వద్దు. ఆదివారం తలంటు రోజు నూనెకాలు, దానిమీద కుంకుడు నురగ, కింద పాలిష్ నాపబండ. ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

గని నుంచి లేచినప్పుడు రాయికి ఉండే ముఖమే ఇక్కడ పనికొస్తుంది. సన్నగా అలలు తిరిగి, గరుకుగా, పాదాన్ని పట్టుకునేట్టు ఉంటుంది. కుర్చీ వేసుకుని స్నానం చేసేవాళ్లుంటే మరీ ఎత్తుపల్లాలున్న పలక వద్దు, కుర్చీ కాళ్లు ఊగుతాయి. అప్పుడు మిషన్‌తో ఒకసారి చదును చేయించి, మెరుపు రాకముందే ఆపించాలి. అయినా నున్నగా అనిపిస్తే సుత్తితో గంట్లు కొట్టించుకోవచ్చు, తిరగలికి కొట్టించినట్టు. గ్రానైటుకు చేసినట్టు మంటతో గరుకు చేయిద్దామనుకోకండి. గ్రానైటులో పలుగురాయి ఉంటుంది కాబట్టి వేడికి పొట్టులా లేస్తుంది. సున్నపురాయిని కాలిస్తే సున్నమే అవుతుంది.

మందం అంగుళానికి తగ్గొద్దు. నాపరాయి పలకలు అన్నీ ఒకే మందంలో రావు. ఒకే బండలో ఒక అంచుకూ ఇంకో అంచుకూ తేడా ఉంటుంది. అందుకని టైల్స్‌కు వాడే పలచటి జిగురు దీనికి సరిపడదు. మందంగా మాలు పోసి, ఒక్కో బండనూ చెక్కసుత్తితో తట్టుకుంటూ మట్టానికి తేవాలి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక దాదాపు 50 కిలోలు తూగుతుంది. ఇద్దరు పట్టుకుని ఒక్కసారే దించాలి. ఒకసారి పడ్డాక జరపడం అయ్యే పని కాదు. రెండడుగుల చదరాలైతే చేతికి అందుతాయి, తప్పు జరిగినా ఎత్తి సరిచేయొచ్చు.

రంగు గురించి పెద్దగా చెప్పను. నలుపు, బూడిద, పసుపు, లేత పచ్చ, మీ ఇష్టం. నల్లబండ మీద మాత్రం బోరునీళ్ల చార కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆ చార దగ్గరే నాపరాయికి అసలు పరీక్ష. ఈ ప్రాంతపు బోరునీళ్లు సున్నపురాతిలోంచి వచ్చేవి, కాఠిన్యం ఎక్కువ. ఆరిపోయినచోటల్లా తెల్లటి పొర మిగులుతుంది. దాన్ని వదిలించడానికి ఇంటింటా యాసిడ్ సీసా ఉంటుంది. మరుగుదొడ్డి కడిగే నీలిరంగు సీసాల్లోనూ సాధారణంగా ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. తెల్లటి పొర కూడా సున్నపు పదార్థమే, కింది రాయీ సున్నపు పదార్థమే. పొరను తినేసే యాసిడ్ రాయి దగ్గరికొచ్చి ఆగదు. పోసిన చోట బుసబుస పొంగుతుంది, ఆరాక అక్కడ రాయి వెలిసిపోయి పాలిపోతుంది. భూగర్భ శాస్త్రవేత్తలు సున్నపురాయిని గుర్తుపట్టేది కూడా ఇదే చుక్క వేసి. బండల సందుల్లోని సిమెంటునూ అది తినేస్తుంది. పైన సీలర్ పూయిస్తే నూనె, సబ్బు మరకలు ఇంకవు గానీ, యాసిడ్‌కు అది అడ్డం కాదు. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు.

కాబట్టి నా తీర్పు ఇది. రోజూ స్నానమయ్యాక వైపరుతో నీళ్లు లాగేసి, వారానికోసారి మామూలు సబ్బునీళ్లతో, గట్టి బ్రష్‌తో రుద్దే ఓపిక ఉన్న ఇంటికి గరుకు నాపబండను మించింది లేదు. పనిమనిషి యాసిడ్ మానదు అనుకునే ఇంటికి మంటతో గరుకు చేసిన గ్రానైటు వేసుకోండి, మామూలు యాసిడ్‌కు అది చలించదు. రెండూ కాదంటే మెరుపులేని, గరుకు టైల్స్, అదీ చిన్న సైజువి. రెండడుగులకు నాలుగడుగుల టైల్ గోడకు అందం. వాటం ఉన్న నేలకు అది తగదు.

తొట్టి కొనాలా?

పెద్ద ఊళ్ల షోరూంలలో ఇప్పుడు తయారీ తొట్టెలు కూడా చూపిస్తున్నారు. అక్రిలిక్ పళ్లేలు, వాటం ముందే చెక్కిన నురగ పలకలు. తెచ్చి దించి, పైన టైల్ అంటించడమే. అవి పుట్టిన దేశాల్లో వాటికి న్యాయమైన కారణం ఉంది. అమెరికాలో మామూలు ఇళ్ల నేలలు చెక్క దూలాల మీద ఉంటాయి. మందంగా మాలు పోస్తే బరువు, చెక్క ఊగితే మాలు పగులుతుంది, తడి దిగితే చెక్క చీకుతుంది. అందుకని తేలికైన, నీళ్లు దిగని అడుగు వాళ్లకు అవసరం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దవాళ్లకు అక్కడి టబ్బు గోడ దాటడమే గండం. ఆ టబ్బు తీయించి నేలమట్టం షవరు పెట్టించే తెలుగు ఇళ్లు నురగ పలకను ఎంచుకుంటే అది సరైన పనే. కొలిమిగుండ్లలో మన కింద ఉన్నది కాంక్రీటో, గట్టి నేలో. మాలు మోయలేని నేల కాదు. పైగా మండలంలోని కలవటాల దగ్గర 2022 నుంచి రామ్‌కో సిమెంటు ఫ్యాక్టరీ నడుస్తోంది. బండా ఈ సున్నపురాయే, సిమెంటూ ఈ సున్నపురాయే అయినచోట నురగ పలకకు డబ్బు పెట్టడం నాకు సబబుగా తోచదు.

ఆ డబ్బులో కొంత నీటినిరోధక పూతకు పెట్టండి. నాపబండ గానీ, సందుల్లో సిమెంటు గానీ నీళ్లను పూర్తిగా ఆపవు. ఆపేది వాటి కింద, వాటంగా పోసిన మాలు మీద పూసే పూత. అది గోడల మీదికి కనీసం అడుగు, షవరువైపు మనిషెత్తు పాకాలి. గట్టు లేని గదిలో తలుపు దాటి పడకగదిలోకి కూడా ఒక అడుగు మేర వెళ్లాలి. ఈ చివరి అడుగును ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. ఆరు నెలల తరవాత తలుపు చట్రం అడుగున రంగు పొక్కులు లేస్తే కారణం అదే. నానీ ట్రాపులో ఎప్పుడూ రెండంగుళాల నీళ్లు నిలిచి ఉండాలి, వాసనా బొద్దింకలూ పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. నంద్యాల ఎండలకు, వాడని బాత్రూంలో అవి ఆవిరైపోతాయి. పిల్లలు ఊరొచ్చినప్పుడే తెరిచే గది అయితే వేసవిలో అప్పుడప్పుడూ ఒక చెంబు పోస్తుండాలి.

పూత ఆరాక, బండ వేయకముందు కన్నానికి గుడ్డ కుక్కి, తలుపు దగ్గర మట్టితో తాత్కాలికంగా గట్టు కట్టి, రెండంగుళాలు నీళ్లు నిలిపి రెండు రోజులు వదిలేయాలి. నీటిమట్టానికి గోడ మీద పెన్సిల్ గీత పెట్టుకోవాలి. కింది గది పైకప్పు, పక్క గోడ పొడిగా ఉంటేనే బండ దించనివ్వాలి. ఆ తరవాత ఇంకో పరీక్ష ఉంది, దాన్ని మేస్త్రీ చెయ్యడు, మీరే అడగాలి. బండలు పరిచి మాలు గట్టిపడ్డాక, సందులు నింపకముందు, తలుపు దగ్గర నిలబడి నిండు బకెట్టు కుమ్మరించండి. నీళ్లన్నీ కాలువవైపు పోవాలి. ఎక్కడైనా అరచేతంత మడుగు మిగిలితే అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. ‘ఆరిపోతుందిలేప్పా’ అంటాడు. ఆ బండను ఎత్తించి మళ్లీ వేయించండి. సందులు నిండాక దాన్ని ఎత్తాలంటే పక్క బండ కూడా పగులుతుంది, మళ్లీ కూలీ అడుగుతాడు.